బకిల్ పడ్డాకే తాడు విప్పాలి

ఆదివారం సాయంత్రం హైదరాబాద్ నగరంలోని ఏదో ఒక బోటింగ్ జెట్టీ దగ్గర అరగంట నిలబడి చూడండి. నాలుగేళ్ల పాపకు పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ తగిలిస్తారు. అది మోకాళ్ల దాకా వేలాడుతుంది. బకిల్ విరిగి ఉంటే తండ్రి పట్టీలు లాగి ముడేస్తాడు. పక్కనున్న కుర్రాడు జాకెట్‌ను భుజాన వేసుకుని సెల్ఫీ దిగుతుంటాడు. ఇంతలో తాడు విప్పేస్తారు, బోటు కదులుతుంది. పొరపాటున నీళ్లలో పడితే ఆ జాకెట్ పాప తల మీదుగా జారిపోయి పైకి తేలుతుంది. పాప తేలదు.

చెరువే కదా, ఏమవుతుందిలే అనే ధీమా మనకు తగదు. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న పంటు (బల్లపరుపు సరుకు పడవ) ఒరిగి ప్రాణాలు పోయింది ఈ హుస్సేన్ సాగర్‌లోనే. విగ్రహం రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉండిపోయింది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయి కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటులో మన నగరం నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

సాగర్ ఒక్క విహారానికి వచ్చినవాళ్లదే కాదు. బుద్ధుడి దగ్గరకు జనాన్ని చేరవేసే పెద్ద బోట్లు, స్పీడ్ బోట్లు, తెరచాప నేర్చుకునే పిల్లలు అందరికీ ఆ నీరే దిక్కు. వానాకాలంలో మాన్సూన్ రెగాటా అనే తెరచాప పడవల పోటీ జరిగేదీ అక్కడే. పదిహేనేళ్లలోపు పిల్లలు ఒంటరిగా నడిపే ఆప్టిమిస్ట్ అనే తెరచాప పడవ ఎనిమిది అడుగులైనా ఉండదు. ఇంజిన్ లేదు, బ్రేకు లేదు. ఎదురుగాలిలో సూటిగా పోలేక కాస్త అటు, కాస్త ఇటు మలుపులు తిరుగుతూ పోతుంది. అడ్డమొస్తోందని స్పీడ్ బోటు నడిపేవాళ్లు విసుక్కుంటారు. ఆ పడవ నడిపే పిల్ల అడ్డం రావడం లేదు, గాలి పోనిచ్చిన దారిన పోతోంది.

తెరచాప పడవ ఎదురైతే ఇంజిన్ ఉన్నవాడే తప్పుకోవాలన్నది నీటి మీద నియమం. రెండు ఇంజిన్ బోట్లు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి తిరగాలి. రోడ్డు మీద ఎడమకు అలవాటుపడ్డ మన చేతులకు ఇది తిరకాసే. సరదాపడి అడిగినవాళ్ల చేతికి స్టీరింగ్ ఇచ్చేముందు ఈ ఒక్క ముక్క చెప్పి తీరాలి.

బోటు వెళ్లిపోయినా అది లేపిన అల అక్కడే ఉంటుంది. ట్యాంక్‌బండ్ రాతిగోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. వచ్చే అల, తిరిగొచ్చే అల కలిసిన చోట పిల్లల పడవైనా, వల వేసుకునే జాలరి పుట్టైనా తలకిందులు కావచ్చు. చిన్న పడవ కనిపించగానే దూరం నుంచే వేగం తగ్గించడం దయ కాదు, నడిపేవాడి బాధ్యత. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరకుండా చూడటం ఎక్కినవాళ్ల బాధ్యత. ఒకవేళ బోల్తా పడితే ఒడ్డు దగ్గరే ఉందని ఈదబోకుండా పడవనే పట్టుకుని ఉండాలి.

దేశంలోపలి నీళ్లలో తిరిగే పడవల కోసం చేసిన 1917 నాటి చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. జెట్టీ మీద విరిగిన బకిల్‌ను పట్టుకోవాల్సింది మాత్రం అక్కడున్న మనిషే. నిర్వాహకులను మేము కోరేది పెద్ద ఖర్చు కాదు. పిల్లల సైజు జాకెట్లు విడిగా ఉంచండి. ప్రతి బోటు మీదా ఎంతమంది ఎక్కాలో తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించండి. చివరి బకిల్ పడిందని చూశాకే తాడు విప్పండి. పిల్లలు తెరచాప నేర్చుకునే మేర నీటి మీద తేలే గుర్తులు వేయించండి. అందుకు వచ్చే వానాకాలం పోటీల దాకా ఆగనక్కర్లేదు.