అప్పీలు తేలేదాకా పస్తులేనా?

తొలగించిన కార్మికుణ్ని తిరిగి విధుల్లోకి తీసుకోవాలని లేబర్ కోర్టు ఆదేశించినా, అతను మళ్లీ గేటు లోపల అడుగు పెట్టడానికి ఏళ్లు పడుతోంది. అవార్డును, అంటే ఆ తీర్పును, సవాలు చేస్తూ యాజమాన్యం హైకోర్టులో రిట్ వేస్తుంది. సింగిల్ జడ్జి ముందు ఓడితే డివిజన్ బెంచ్‌కు, అక్కడా ఓడితే 90 రోజుల గడువులోగా, అప్పీలుకు అనుమతి కోరే స్పెషల్ లీవ్ పిటిషన్‌తో సుప్రీంకోర్టుకు వెళుతుంది. ఈ దారి మూసెయ్యాలని మేము కోరడం లేదు. యాజమాన్యం ఆ దారిలో నడిచినన్నాళ్లూ భారం గెలిచిన కార్మికుడి కుటుంబం మీద పడుతోందన్నదే మా ఆవేదన.

పారిశ్రామిక వివాదాల కోసం 1950లో ఏర్పాటైన అప్పిలేట్ ట్రిబ్యునల్, కాలయాపనకు నెలవైందన్న విమర్శల మధ్య 1956లో రద్దయింది. కానీ పారిశ్రామిక ట్రిబ్యునళ్ల అవార్డులపై రాజ్యాంగం 136వ అధికరణ కింద అప్పీలుకు అనుమతి కోరవచ్చని భారత్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు 1950లోనే చెప్పి ఉన్నందున, చట్టంలో పోయిన అప్పీలు రాజ్యాంగం ద్వారా నిలిచింది. ఆ అనుమతి ఎవరికీ హక్కు కాదు. అసాధారణ సందర్భాల్లోనే, ఆచితూచి ఇవ్వవలసిందని అదే కోర్టు అదే ఏడాది ప్రీతమ్ సింగ్ కేసులో స్పష్టం చేసింది.

పై కోర్టుల పరిశీలన కార్మికులకూ అండగా నిలిచిన సందర్భాలున్నాయి. గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ సంస్థ 1973 సమ్మె నేపథ్యంలో ఎనిమిది వందల మందికి పైగా కార్మికులను తొలగించగా, ఇరుపక్షాలూ ఒప్పుకొని నియమించుకున్న మధ్యవర్తి ఆ తొలగింపులను సమర్థించారు. హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. యాజమాన్యం అప్పీలుపై 1979లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు కార్మికుల పక్షానే నిలిచి, శిక్షను తగ్గించేందుకు లేబర్ కోర్టుకు పారిశ్రామిక వివాదాల చట్టంలోని 11ఎ సెక్షన్ ఇచ్చిన అధికారం మధ్యవర్తికీ ఉంటుందని తేల్చింది. న్యాయం దక్కింది, కానీ సమ్మె నాటికీ ఆ తీర్పుకూ మధ్య ఆరేళ్లు గడిచాయి.

ఆ మధ్య కాలంలో కార్మికుడు ఎలా బతకాలి? ఈ ప్రశ్నకు జవాబుగానే 1984 ఆగస్టులో పారిశ్రామిక వివాదాల చట్టంలోని 17బి సెక్షన్ అమల్లోకి వచ్చింది. హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో యాజమాన్యం కేసు నడుస్తున్నంత కాలం, తనకు వేరే ఉపాధి లేదని అఫిడవిట్ ఇచ్చిన కార్మికుడికి చివరిగా అందుకున్న పూర్తి జీతం చెల్లించాలి. ఉద్దేశం గొప్పదే. అయితే ‘చివరిగా అందుకున్న’ అన్న మాటకు తొలగింపు నాటి జీతమనే అర్థమని సుప్రీంకోర్టు తేల్చింది. పదిహేనేళ్ల కిందట ఉద్యోగం పోయిన బస్సు కండక్టర్‌కు పదిహేనేళ్ల నాటి జీతమే నెలనెలా అందుతుంది. ఇంటి అద్దె, బియ్యం, పిల్లల ఫీజు మాత్రం ఈనాటి ధరల్లోనే కట్టాలి. న్యాయమనిపిస్తే అంతకు మించి ఇప్పించే అధికారం పై కోర్టులకు ఉందని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ అధికారాన్ని ఇంకా ధారాళంగా వాడాలి.

ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ రక్షణ పాత మాటలతోనే కొనసాగింది. పార్లమెంటు ఆ మాటలను సవరించి, అదే పోస్టులో నేడు పనిచేస్తున్నవారికి ఇచ్చే జీతాన్నే కొలమానం చేయాలి. లీవ్ పిటిషన్‌పై నోటీసు జారీ అయిన రోజే, కార్మికుడు వేరే దరఖాస్తుతో తిరగనక్కర లేకుండా, ఈ చెల్లింపుపై ఆదేశం వెలువడాలి. ఓడిన ప్రతి కేసునూ అలవాటుగా ఢిల్లీ దాకా తీసుకెళ్లే ప్రభుత్వ సంస్థలైతే, ఈ వివాదంలో ఒక్క ఉద్యోగిని మించిన న్యాయ ప్రశ్న ఏముందో ఫైలులో రాతపూర్వకంగా చూపించాకే అనుమతి కోరాలి.