గట్టు నిటారుగా ఉంటే అది కుంట కాదు, తొట్టి

పార్కులో ప్రకృతి నడక అనగానే ముందుగా చెట్లకు పేర్ల పలకలు తయారవుతాయి. మొదట చూడాల్సింది కుంట గట్టు. కడపలో బండలకు కరువు లేదు కాబట్టి నాలుగు వైపులా నల్లబండలు నిలబెట్టి సిమెంటు పూసేయడం తేలిక. చూపుకు శుభ్రంగానే ఉంటుంది. తోకకప్పలు కాళ్లొచ్చి ఒడ్డెక్కే రోజున ఆ గోడ దగ్గరే అలసి మునిగిపోతాయి. తూనీగ పిల్లపురుగుకూ నీళ్లలోంచి పైకి లేచిన తుంగకాడో జమ్ముకాడో కావాలి, దాన్ని పట్టుకుని ఎక్కాకే రెక్కలు విప్పుకుంటుంది. దోమపిల్లలను తినేది ఆ పిల్లపురుగే.

ఒక్క వైపైనా అడుగు లోతుకు నాలుగడుగుల వాలు ఇవ్వాలి. అంచున జానెడు నీళ్లలో తుంగ, మూరెడు లోతులో జమ్ము, నడుమ నాలుగైదు అడుగుల లోతున ఖాళీ నీళ్లు. జమ్మును మూడో వంతు దాటనివ్వకూడదు. కోసింది బయటికి మోయించాలి, నీళ్లలో వదిలేస్తే కుళ్లి నాచుకు ఎరువవుతుంది.

మే నెల ఎండకు రోజుకు సెంటీమీటరు నీరు ఆవిరైతే, 1,000 చదరపు మీటర్ల కుంట 10,000 లీటర్లు పోగొట్టుకున్నట్టే. బోరు నీళ్లు పోస్తూ పోతే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. బండల మీద తెల్లటి పొర దాని ఆనవాలే. వాన కాలువను కుంటకు మళ్లించి, నోటి దగ్గర చిన్న గుంత తవ్వితే ఒండ్రు, ప్లాస్టిక్ అక్కడే ఆగిపోతాయి.

చేపలకు బొరుగులు చల్లడం మనకు పుణ్యం, కుంటకు అజీర్తి. మిగిలిన బొరుగులు కుళ్లి నాచు పెరుగుతుంది, ఆ నాచు రాత్రంతా నీటిలోని ప్రాణవాయువును వాడేస్తుంది. తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతాయి. ఎండెక్కితే ఈ గుర్తు కనిపించదు. అందుకే నడక ఆరింటికల్లా కుంట దగ్గరే మొదలవ్వాలి, చెట్లు తర్వాత.

చెట్లలో ఎర్రచందనం మన శేషాచలం, పాలకొండల సొంత సొత్తు. మొసలి చర్మంలా పగిలిన బెరడు, ఒక్కో ఆకుకు సాధారణంగా మూడు గుండ్రటి రెక్కలు. దగ్గరి చుట్టమైన వేగిసకు ఐదు నుంచి ఏడుంటాయి. పిల్లలకు ఈ లెక్క ఒక్కటి చాలు, పలకతో పని లేదు.

ఇక జిల్లేడు. తోటమాలి కలుపని పీకేసేది అదే, నారింజ రెక్కల సీతాకోకచిలుక గుడ్లు పెట్టేదీ దాని మీదే. పూల గుత్తుల దగ్గర కాదు, లేత ఆకు మెల్లగా తిప్పి అడుగున చూడాలి: తెల్లటి గుడ్డు, ఆకుకు ఒక్కటే.