తిన్నవాళ్లదే తప్పు

గర్భిణుల కోసం అచ్చేసిన చేపల పట్టిక ఒకటి ఈ మధ్య నా కంటబడింది. పాదరసం ఎక్కువ కాబట్టి సొరచేప జోలికి పోవద్దు. కత్తిచేప అసలే వద్దు. సార్డైన్లు, నెత్తళ్లలాంటి చిన్నవైతే వారానికి రెండు మూడుసార్లు, నిక్షేపంగా. సలహాకు వంక పెట్టను, పాటించాల్సిందే. నా బాధల్లా, పట్టికను ఎటు తిప్పి చూసినా ఆ పాదరసం చేపలోకి ఎలా చేరిందో ఒక్క ముక్క లేకపోవడం. చేపకది పుట్టుకతో వచ్చిన దురలవాటు కాబోలు!

బొగ్గు కాల్చే పొగగొట్టాలూ, బంగారం తీసే గనులూ ఉన్నాయని కిట్టనివాళ్లు అంటుంటారు. అక్కణ్నుంచి వచ్చి నీళ్లలో పడ్డ పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ మెర్క్యురీ అనే సేంద్రియ పాదరసంగా మారుస్తాయని, నాచు నుంచి చిన్నచేపకూ, చిన్నచేప నుంచి పెద్దచేపకూ మెట్టుమెట్టుకీ చిక్కబడుతుందని కూడా. పట్టిక రాసినవాళ్లకు చాడీలు గిట్టవు. అందుకని లెక్కంతా తల్లికే అప్పజెప్పారు. ఈ మిథైల్ మెర్క్యురీకి అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు రోజుకు, ఒంటి బరువులో కిలోకు 0.1 మైక్రోగ్రాము. కాబట్టి అమ్మా, భోజనానికి కూర్చునే ముందు బరువు చూసుకుని, పదితో భాగించి, ఆపైన చేపను దాని వయసూ, అది తిన్న తిండీ అడిగి తెలుసుకో. కడిగితే పోతుందనుకోకు. అది కండలోని ప్రోటీన్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది, వేయించినా వదలదు. రక్తంలో చేరింది సగానికి తగ్గడానికే దాదాపు 50 రోజులు. ఈలోగా మాయ దాటి బిడ్డను చేరుతుంది, బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తంలోకంటే ఎక్కువే తేలుతుంది.

పెద్దమనుషులు ఇలాంటి లెక్కలకు అతీతులు. 1959 డిసెంబరు 24, జపాన్‌లోని మినమాటా. పాదరసం పట్టిన అక్కడి చేపలు తిని జనం నరాల జబ్బున పడ్డ ఊరు. చిస్సో అనే రసాయనాల కంపెనీ కర్మాగారంలో మురుగు శుద్ధికని తెచ్చిన సైక్లేటర్ యంత్రానికి ప్రారంభోత్సవం. కంపెనీ అధ్యక్షుడు గ్లాసు అందుకుని, శుద్ధి అయిన నీళ్లివేనంటూ అందరి ముందూ తాగేశాడు. ఎంత త్యాగం! ఎంత దాహం! తీరా చూస్తే సేంద్రియ పాదరసాన్ని తీసేయడానికి ఆ యంత్రాన్ని తయారుచేయనే లేదు. పాదరసం మోసుకొచ్చే అసెటాల్డిహైడ్ అనే రసాయనాన్ని చేసే విభాగం మురుగు అందులోకి వెళ్లడమే లేదు. ఆ నీళ్లయితే నేనూ తాగేవాణ్ని, ఇంకో గ్లాసు కూడా అడిగేవాణ్ని.

తెలియక చేశారందామా? ఆ అక్టోబరులోనే కంపెనీ ఆసుపత్రి డాక్టరు హోసోకావా ఆ విభాగం మురుగును 400వ నంబరు పిల్లికి పెట్టి చూశాడు. పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. గ్లాసు దించిన ఆరో రోజున, డిసెంబరు 30న, బాధితులతో ఓదార్పు సొమ్ము ఒప్పందం రాయించుకుంది. అందులో షరతు: మున్ముందు కారణం మా మురుగేనని తేలినా ఇంకేమీ అడగకూడదు. మూర్ఛలతో మెలికలు తిరుగుతున్న మనుషుల ఇంటివాళ్ల ముందు ఆ కాగితం పెట్టడానికి చేతులెలా వచ్చాయి? సిగ్గూ శరం ఉండక్కర్లేదా? ఆ తర్వాత కూడా ఎనిమిదేళ్లకు పైగా ఆ విషాన్ని నీళ్లలోకి వదిలారు. తల్లి కడుపులోనే దాన్ని తిన్న బిడ్డలు ఏ పట్టిక చదివి మానుకోవాలి?

1968 మేలో ఆపారు. మనసు కరిగి కాదు, ఆ తయారీ పద్ధతికి కాలం చెల్లి. ఆపిన నాలుగు నెలలకు, జబ్బుకు కారణం చిస్సో మురుగేనని ప్రభుత్వం ఎంతో ధైర్యంగా ప్రకటించింది.