తొట్టి లెక్కతో మొదలుపెడదాం

తెలుగులో ఒక చిక్కు ఉంది. రేపు వాన పడుతుందా లేదా అన్నదీ వాతావరణమే, భూమిని కప్పిన గాలి పొరా వాతావరణమే. 30 ఏళ్ల సగటు చూసి తేల్చే శీతోష్ణస్థితి కూడా పత్రికల్లోకి వచ్చేసరికి వాతావరణమే అవుతుంది. ఈ ఒక్క మాటతోనే పెరిగిన విద్యార్థి, చలి వణికించిన రోజున ‘మరి భూమి వేడెక్కుతోందన్నారే?’ అని అడిగితే తప్పు పట్టలేం. విశ్వవిద్యాలయాల్లో వాతావరణ అక్షరాస్యత శిక్షణ, అంటే భూమి ఎందుకు వేడెక్కుతోందో అర్థమయ్యేలా చెప్పే పాఠం, పెడితే తొలి గంట ఈ ముడి విప్పడానికే పోతుంది. పోనివ్వాలి.

అంతకన్నా గట్టి చిక్కు లెక్కలో ఉంది. జాన్ స్టెర్మన్, లిండా బూత్ స్వీనీ అనే పరిశోధకులు అమెరికాలోని పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీలో పీజీ విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష పెట్టారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ మోతాదు ఒకచోట నిలవాలంటే ఉద్గారాలు, అంటే మనం ఏటా గాలిలోకి వదిలేది, ఎలా ఉండాలో గీత గీసి చూపమన్నారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం అత్యధికులు తప్పు గీశారు. ఉద్గారాలు పెరగడం ఆగితే మోతాదు పెరగడమూ ఆగుతుందన్నది వారి లెక్క. గణితంలో ఆరితేరినవారి సంగతే ఇది!

గాలిని ఒక నీళ్ల తొట్టిగా, ఉద్గారాలను అందులో పడే ధారగా తలచుకుంటే చాలు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు సగాన్ని నేల, సముద్రాలు పీల్చుకుంటున్నాయి. అంటే తూములోంచి పోయేదానికి రెట్టింపు నీరు పైనుంచి పడుతోంది. ధార పెరగకుండా అలాగే ఉన్నా తొట్టి నిండుతూనే ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ల వల్ల ఉద్గారాలు సుమారు 5 శాతం తగ్గాయి, గాలిలో మోతాదు మాత్రం పెరిగింది. హవాయిలోని మౌనా లోవాలో 1958లో కొలతలు మొదలైనప్పుడు పది లక్షల పాళ్లలో 315గా ఉన్నది ఇప్పుడు 420 దాటింది. ఈ ఒక్క సంగతి అర్థమైన విద్యార్థికి ‘నెట్ జీరో’, అంటే వదిలేదీ తొలగించేదీ సమానం కావడం, ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక కోర్సు ఎలా ఉండాలి? బార్సిలోనా విశ్వవిద్యాలయం 2022లో, విద్యార్థులు భవనాన్ని ఆక్రమించి పట్టుబట్టాక, అందరికీ వాతావరణ మార్పు పాఠం తప్పనిసరి చేయడానికి ఒప్పుకుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాండియాగో ప్రాంగణం మరో దారి పట్టింది. 2024 నుంచి చేరేవారు వేర్వేరు శాఖల కోర్సుల్లో వాతావరణ అంశమున్న ఏదో ఒకటి పూర్తిచేయాలి. నా మొగ్గు రెండో పద్ధతికే. అందరికీ కలిపి పెట్టిన పేపరును విద్యార్థులు పరీక్ష ముందురోజు బట్టీపట్టి మరునాడు మరిచిపోతారు. పర్యావరణ పాఠాల గతి చూశాం కదా. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థికి సిమెంటు నుంచే మొదలుపెట్టవచ్చు. సిమెంటు బట్టీని వేడిచేయడానికి పూర్తిగా సౌర విద్యుత్తే వాడినా అందులో ముడిసరుకైన సున్నపురాయి కాలి విడిపోయినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని తెలిస్తే అతడు తన వృత్తి గురించే ఆలోచనలో పడతాడు. న్యాయ విద్యార్థి పారిస్ ఒప్పందంలో విద్య, శిక్షణ గురించి చెప్పే 12వ అధికరణాన్ని తెరిచి, అందులో బాధ్యత ఎంత, మర్యాదమాట ఎంత అని తూకం వేయవచ్చు.

అయితే సిమెంటు పాఠం చెప్పే అధ్యాపకుడికి తొట్టి లెక్క వచ్చి ఉండాలి. అందుకే శిక్షణ ముందు అధ్యాపకులకే. పిల్లలకు మార్కులు వేసే పని తర్వాత చూసుకోవచ్చు. విద్యార్థి చేరిన రోజున అతడి చేత ఎంఐటీ పరీక్షలోని ఆ గీత గీయించి దాచాలి, కోర్సు ముగిశాక మళ్లీ గీయించాలి, ఏడాది తర్వాత చెప్పాపెట్టకుండా ఇంకోసారి గీయించాలి. అప్పుడూ తప్పు గీస్తే మార్చాల్సింది పాఠాన్ని.