లైబ్రరీకి చదువరుల బెడద

"జనం చదవడం మానేశారండీ" అని వాపోయేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. వాళ్లలో ఒక్కరు కూడా పబ్లిక్ లైబ్రరీ కౌంటర్ వెనక ఒక పూట కూర్చున్న పాపాన పోలేదు. నేను కూర్చుంటున్నాను. వారానికి మూడు పూటలు, వాలంటీరుగా, మెడలో బ్యాడ్జీ వేసుకుని మరీ. ఆ అనుభవంతో, పూర్తి బాధ్యతతో ఒక సంగతి చెప్పదలచుకున్నాను. లైబ్రరీకి చదవనివాళ్లతో ఏ ఇబ్బందీ లేదు. వచ్చిన చిక్కల్లా చదివేవాళ్లతోనే. అందులోనూ ఒక మూల చేరి, నోరు మెదపకుండా, తలెత్తకుండా పొద్దుగూకేదాకా చదివేవాళ్లతో.

ఆవేశపడకండి. లెక్క చెబుతాను.

మా గుమ్మానికి ఒక సెన్సర్ బిగించారు. మనిషి అడ్డం వచ్చినప్పుడల్లా దాని అంకె ఒకటి పెరుగుతుంది. లోపలికి వెళ్లినా ఒకటే, బయటికి వచ్చినా ఒకటే. దానికి మొహాలు తెలీవు. అందుకని రాత్రి తలుపులు వేసేముందు ఆ అంకెను రెండుతో భాగించి, "ఈరోజు వచ్చినవారు" అని రిజిస్టర్‌లో ఎక్కిస్తాం. ఇది మా సొంత తెలివేమీ కాదు, చాలా లైబ్రరీలు చేసేదిదే. ఇప్పుడు ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పెద్దాయన పొద్దున తలుపు తీయగానే వస్తారు, మూసేవేళకు వెళతారు. మధ్యలో కిటికీ పక్క కుర్చీలోంచి లేవరు. రాక ఒకటి, పోక ఒకటి, రెండుతో భాగిస్తే ఒకటి. ఇంకో కుర్రాడు ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకోవడానికి వస్తాడు. ఫోను మోగినప్పుడల్లా, మర్యాద తెలిసినవాడు కనక, బయటికి పరిగెత్తి మాట్లాడి మళ్లీ లోపలికి వస్తాడు. ఇంటికెళ్లే లోపల తొమ్మిది కాల్స్. అంటే వాడొక్కడే పదిమంది. లైబ్రరీని కాపాడుతున్నది ఎవరు?

ఒకరోజు గుమ్మం పక్కన అంటించిన "రండి, చదువుదాం" పోస్టరు ఒక కొస ఊడి, ఫ్యాను గాలికి సెన్సర్ ముందు రెపరెపలాడింది. ఎవరూ గమనించలేదు. ఆ ఏడాదంతటికీ అదే మా రికార్డు. చదవమని జనాన్ని అంత సమర్థంగా లోపలికి రప్పించిన పోస్టరు నేనింతవరకు చూడలేదు. మర్నాడు దాన్ని టేపు వేసి అంటించింది నేనే, ఇప్పటికీ బాధపడుతుంటాను.

పెద్దలకు ఈ ముందుచూపు లేకపోయింది. ఎస్.ఆర్. రంగనాథన్ గారినే తీసుకోండి. స్వతహాగా లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. 1931లో ఆయన పుస్తకంగా వేసిన ఐదు సూత్రాలు లైబ్రరీ సైన్సు చదివేవాళ్లందరికీ ఇప్పటికీ మొదటి పాఠం. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. పాఠకుడి సమయం ఆదా చెయ్యి. గ్రంథాలయం పెరిగే జీవి. బాగానే ఉన్నాయి, కాదనను. కానీ లెక్కల మాస్టారు రాసిన ఐదింటిలో భూతద్దం పెట్టి వెతికినా ఒక్క అంకె కనపడదు! ఎందరొచ్చారు, ఎన్నిసార్లొచ్చారు, పోయినేటి కంటే ఎంత శాతం పెరిగారు, ఏమీ లేదు. నాలుగో సూత్రం మరీ ప్రమాదం. పాఠకుడి సమయం ఆదా చేస్తే ఏమవుతుంది? కావలసింది ఐదు నిమిషాల్లో దొరికి ఇంటికి పోతాడు. అదే దొరక్కపోతే నాలుగుసార్లు కౌంటర్‌కు వస్తాడు. నాలుగు ప్రశ్నలు, నాలుగు గీతలు.

గీతలంటే చెప్పలేదు కదూ. కౌంటర్ మీద ఒక కాగితం ఉంటుంది. ఎవరు ఏమడిగినా దాని మీద గీత గీయాలి. నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం, ఐదు. మూడు గడులున్నాయి. విషయం అడిగితే రిఫరెన్స్ గడి. ప్రింటర్ కాగితాన్ని నమిలేస్తే టెక్నికల్ గడి. బాత్రూమ్ ఎక్కడ, పత్రికలు ఎక్కడ లాంటివి దారి ప్రశ్నలు. రిఫరెన్స్ గీతకున్న పరువు దారి గీతకు లేదు. చదువుకున్నవాళ్లు చెప్పే జవాబు ఒకటి, గోడకు కొట్టిన బాణం గుర్తు చెప్పే జవాబు ఒకటి. కొత్తలో నాకు తేడా తెలిసేది కాదు. "వాక్యంలో ఎక్కడ అనే మాట వినపడిందా, కళ్లు మూసుకుని దారి గడిలో వేసెయ్యండి" అని మా సూపర్‌వైజర్ గారు నేర్పారు.

నాకు ప్రాణం ఎవరంటే, "పోయినసారి ఇక్కడే చూశానండీ, నీలం అట్ట, పేరు గుర్తులేదు, అందులో ఒక కుక్క ఉంటుంది" అంటూ వచ్చేవాళ్లు. కుక్కల పెంపకమా, కుక్క ఉన్న కథా? పెంపకమైతే 636.7. జానపద కథైతే 398.2. మెల్విల్ డ్యూయీ 1876లో మొదలుపెట్టిన ఈ దశాంశాల పద్ధతిలో కుక్క ఏ అరలో ఉండాలో తేలాలంటే అది నిజం కుక్కో కథలో కుక్కో ముందు తేలాలి. ఇరవై నిమిషాలు ఇద్దరం అరల మధ్య తిరుగుతాం. చివరికి అట్ట ఎర్రది, లోపలున్నది నక్క అని బయటపడుతుంది. ఒక్క గీతే, కానీ ఎంత నిండైన గీత!

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి, గడువు దాటాక తిరిగిస్తే కట్టించుకునే ఆలస్య రుసుము సంగతి కూడా. 2019లో చికాగో పబ్లిక్ లైబ్రరీ, 2021లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఎత్తేశాయి. రుసుముకు భయపడి మొహం చాటేసినవాళ్లు పాత పుస్తకాలు పట్టుకుని మళ్లీ గుమ్మం ఎక్కారు. వచ్చి ఊరుకున్నారా? ఇంకో పుస్తకం అడిగారు. ఎటు తిరిగినా వీళ్లే.

ఇక ప్రోగ్రాములు. వార్షిక నివేదికలో రంగుల బొమ్మలు వీటివే పడతాయి కనక వీటిని కాస్త శ్రద్ధగా చెప్పాలి. శనివారం పిల్లలకు కథా సమయం. కథ ఒకరు చెబుతారు, తలలు నేను లెక్కపెడతాను. పిల్లలు కుదురుగా ఉండరు కాబట్టి ఒకే బుడతణ్ణి రెండుసార్లు లెక్కపెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని నేనెన్నడూ జారవిడుచుకోలేదు. తల్లి భుజం మీద నిద్రపోతున్న చంటిది కథ విన్నట్టా విననట్టా అని ఒకసారి మీటింగులో పెద్ద చర్చే నడిచింది. తల ఉంది కాబట్టి లెక్కే అని తీర్మానించాం. ఆ లెక్కన పత్రికల గదిలో గురకపెట్టేవారిని కూడా ఏదో ఒక ప్రోగ్రాము కిందికి తేవచ్చని నేనొక సూచన ఇచ్చాను. పరిశీలనలో ఉంది.

అమెరికాలో, జపాన్‌లో కొన్ని లైబ్రరీలు బొమ్మల రాత్రి బస అని ఒకటి పెడుతుంటాయి. పిల్లలు తమ గుడ్డ బొమ్మల్ని సాయంత్రం లైబ్రరీలో వదిలి వెళతారు. రాత్రి సిబ్బంది వాటిని అరల మధ్య, పుస్తకాల ముందు కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారు. పొద్దున బొమ్మతోపాటు ఆ ఫొటో పిల్లల చేతిలో పెడతారు. మేమూ పెట్టాం. పందొమ్మిది బొమ్మలొచ్చాయి. అందులో ఒక బూడిదరంగు ఏనుగు ఉంది చూశారూ, దాని మెడలో దూది ఎప్పుడో కిందికి జారిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి, ముందు పుస్తకం తెరిచి, నేను వెనక్కి తిరిగి కెమెరా అందుకునేలోగా తొండంతో సహా పుస్తకం మీద బోర్లా పడేది. ఆరుసార్లు లేపాను. నడుం పట్టేసింది. చివరికి పాత ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు రెండు తెచ్చి దాని వీపు వెనక ఆనించాను, నిలబడింది. ఆ రెండు సంపుటాలు ఎవరికైనా పనికిరావడం నాకు తెలిసి అదే మొదలు.

పొద్దున పిల్లలొచ్చారు. ఏనుగు తాలూకు పాప ఫొటోను చాలాసేపు చూసి, "ఇది చదివిన పుస్తకమే నాకు కావాలి" అంది. మిగతా పిల్లలు కూడా అదే పాట. బొమ్మల ముందు పెట్టిన పుస్తకాలన్నీ పావుగంటలో వెళ్లిపోయాయి. బొమ్మ చదివిన పుస్తకం పిల్లది చదవడం అనేదాన్ని నివేదికలో ఎక్కడ రాయాలో మాకెవరికీ తోచలేదు. దానికి గడి లేదు. అందుకని వదిలేశాం. బొమ్మల్ని మాత్రం హాజరులో వేశాం. పందొమ్మిది.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. లైబ్రరీల్లో బల్లల మీద ఒక చిన్న బోర్డు చూసి ఉంటారు. "చదివిన పుస్తకాన్ని అరలో పెట్టకండి, ఇక్కడే వదిలేయండి." ఎంత మర్యాదో అనుకుంటారు. మర్యాద కాదండీ. ఒకటి, అర తప్పి పెట్టిన పుస్తకం ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. కంప్యూటర్ "అరలో ఉంది" అని చెబుతూనే ఉంటుంది, అది మాత్రం వంటల పుస్తకాల మధ్య హాయిగా ఏళ్లు గడిపేస్తుంది. రెండోది ముఖ్యం. సాయంత్రం మేము బండి తోసుకుంటూ బల్లల మీదున్న పుస్తకాలన్నీ ఏరి, ఒక్కొక్కటి స్కాన్ చేస్తాం. "లోపలి వాడకం" అని నమోదవుతుంది. ఇంటికి తీసుకుపోకుండా ఇక్కడే చదివిన పుస్తకాన్ని ఎవరో చదివారనడానికి ఉన్న సాక్ష్యం అదొక్కటే, బల్ల మీద దొరకడం.

మొదట్లో చెప్పానే, కిటికీ పక్క పెద్దాయన. ఆయనకి క్రమశిక్షణ ఎక్కువ. రోజూ 598 అరలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసుకుంటారు. డ్యూయీ లెక్కలో 598 అంటే పక్షులు. కిటికీ బయట చెట్టు మీద ఏదైనా పిట్ట వాలిందంటే పేజీలు తిప్పి, దాన్ని పట్టుకుని, జేబులోని చిన్న నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటారు. లేకపోతే చదువుకుంటూ కూర్చుంటారు. మూసేవేళ గంట కొట్టగానే పుస్తకం మూసి, అట్ట మీద దుమ్ము అరచేత్తో తుడిచి, వీపు మీది లేబుల్ చూసుకుని, తీసిన సందులోనే, అంగుళం అటూ ఇటూ కాకుండా పెట్టి వెళతారు. పక్క పుస్తకం వాలి ఉంటే దాన్ని కూడా సర్దుతారు. ఒక్క రోజు తప్పలేదు. నేను ఎన్నోసార్లు, "సార్, బల్ల మీదే వదిలెయ్యండి, మేం పెట్టుకుంటాం" అన్నాను. "మీకెందుకు బాబూ శ్రమ" అని నవ్వేవారు. సంస్థను లోపల్నుంచి తొలిచెయ్యడం అంటే ఇదే.

ఏడాదికోసారి మేం పాత పుస్తకాలు తీసేస్తాం. దీన్ని లైబ్రరీల వాళ్లు వీడింగ్ అంటారు, కలుపు తీయడమన్నమాట. దీనికొక శాస్త్రముంది. టెక్సస్ స్టేట్ లైబ్రరీ వాళ్ల మాన్యువల్‌లో ఒక్కో విషయానికి ఒక్కో సూత్రం ఇచ్చారు: అచ్చయి ఎన్నేళ్లయింది, ఎవరూ ముట్టుకోక ఎన్నేళ్లయింది, అట్ట చిరిగిందా, విషయం పాతబడిందా. మా దగ్గర అంత ఓపిక లేదు. మూడేళ్లలో వాడకం సున్నా ఉన్నవాటి జాబితా కంప్యూటర్ ఇస్తుంది, బండి తోసుకుంటూ వెళ్లి తీసుకొస్తాం. ముద్ర కొట్టి అట్టపెట్టెలో పడేస్తాం.

ఇలా పోయే పుస్తకాల మీద జాలిపడి 2016లో ఫ్లోరిడాలోని ఒక కౌంటీ లైబ్రరీలో సిబ్బంది ఒక పని చేశారు. చక్ ఫిన్లీ అనే పేరుతో ఒక దొంగ కార్డు పుట్టించారు. ఆ లేని మనిషి తొమ్మిది నెలల్లో 2,361 పుస్తకాలు తీసుకున్నాడు. తర్వాత విచారణ జరిగి పట్టుబడ్డారు, పెద్ద రభస అయింది. నాకు మాత్రం ఆ చక్ ఫిన్లీ మీద అపారమైన గౌరవం. పేజీ మూల మడవలేదు. గట్టిగా దగ్గలేదు. కుర్చీ ఆక్రమించలేదు. ఒక్క పేజీ చదవకుండా అన్ని పుస్తకాల ప్రాణాలు నిలబెట్టాడు. మా పెద్దాయన రోజూ వచ్చి, రోజంతా చదివి, ఒక్క పుస్తకానికి కూడా ఆ సాయం చెయ్యలేకపోయారు.

పోయిన వారం ఆయన కౌంటర్ దగ్గరికొచ్చారు. ఇన్నాళ్లలో ఆయన ఏదైనా అడగడానికి రావడం అదే మొదటిసారి. నోట్‌బుక్ తెరిచి చేతిలో పట్టుకుని ఉన్నారు.

"బాబూ, ఆ చెట్టు మీదికి కొత్త పిట్టేదో వచ్చింది. తోక కింద ఎర్రగా ఉంది. చూద్దామంటే పుస్తకం కనపడటం లేదు. ఎక్కడుంది?"

కంప్యూటర్‌లో చూశాను. మూడేళ్ల వాడకం, సున్నా. ముందు రోజే తీసేశాం. ముద్ర కొట్టింది నేనే.

"దాన్ని ఎవరూ చదవడం లేదండీ, అందుకని తీసేశాం" అన్నాను.

ఆయన కాసేపు నావైపు చూశారు. "అలాగా" అన్నారు. నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకుని, గంట కొట్టడానికి ఇంకా నాలుగు గంటలుండగానే గుమ్మం వైపు నడిచారు.

నేను కాగితం ముందుకు లాక్కున్నాను. పిట్ట గురించి కాబట్టి రిఫరెన్స్ గడిలో వేద్దామని పెన్ను దించాను కూడా. కానీ ఎక్కడ అన్నారు కదా. దారి ప్రశ్నల్లో గీశాను.