కిందికి దిగడమూ ఒక విద్యే: మారియో బాస్లర్ గారి కోచింగ్ పర్వం

ఉద్యోగంలో పైకి ఎలా ఎక్కాలో చెప్పే పుస్తకాలు రైల్వే స్టేషన్‌లో కూడా దొరుకుతాయి. పద్ధతిగా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ కిందికి ఎలా దిగాలో చెప్పే గురువే ఇంతవరకూ లేడు. ఆ కొరత తీర్చిన మహానుభావుడు జర్మనీ మాజీ ఫుట్‌బాలర్ మారియో బాస్లర్. 1999లో యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోల్ కొట్టాడు. 2017 నాటికి ఐదో అంచె పోటీ అయిన హెస్సెన్‌లీగాలో కోచ్‌గా తేలాడు. దీన్ని పతనం అనేవాళ్లున్నారు. వాళ్లకు దూరదృష్టి లేదు.

ముందుగా అర్హతలు చూద్దాం. మిడ్‌ఫీల్డర్ అయ్యుండి 1994–95 సీజన్లో వెర్డర్ బ్రెమెన్ తరఫున 20 గోల్స్ కొట్టి, జర్మనీ మొదటి అంచె లీగ్ అయిన బుండెస్‌లీగా టాప్ స్కోరర్ పట్టం హైకో హెర్లిచ్‌తో పంచుకున్నాడు. కార్నర్ కొడితే బంతి ఎవరి తలా తాకకుండా నేరుగా నెట్‌లో పడేది. సిగరెట్ అలవాటును దాచుకున్నదీ లేదు, పరుగెత్తడం మీద పెద్ద మోజు చూపిందీ లేదు. కుడి కాలు అంత బాగా పనిచేస్తుంటే మిగతా ఒంటిని కష్టపెట్టడం దేనికి?

కోచ్ లక్షణాలు ఆయనలో ఎప్పటి నుంచో కనపడుతూనే ఉన్నాయి, మనమే గమనించలేదు. 1996లో జర్మనీ యూరో కప్ గెలిచింది. ఆ జట్టులో బాస్లర్ ఉన్నాడు, గాయం వల్ల ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బరిలో దిగకుండా కప్పు గెలవడం కోచ్‌లకు మాత్రమే చేతనైన పని.

ఇక 1999 మే 26, బార్సిలోనా. బయర్న్ మ్యూనిక్, మాంచెస్టర్ యునైటెడ్ ఫైనల్. ఆరో నిమిషంలో పెనాల్టీ బాక్సు అంచున ఫ్రీకిక్. బాస్లర్ కొట్టిన బంతి గోడకట్టిన ఆటగాళ్ల పక్క నుంచి నేల బారున జారుకుంటూ లోపలికి పోయింది. యునైటెడ్ గోల్‌కీపర్, అంతటి ష్మైకెల్ నిలుచున్న చోటి నుంచి కదల్లేదు. ఆ ఒక్క గోల్‌తోనే బయర్న్ ఆట చివరిదాకా లాక్కొచ్చింది. సరిగ్గా ఆఖరి నిమిషాల్లో బాస్లర్‌ను బయటికి పిలిచారు. ఆయన వచ్చి బెంచి మీద కూర్చున్నాక ఇంజురీ టైమ్‌లో షెరింగమ్ ఒకటి, సోల్షేర్ ఒకటి కొట్టారు. కప్పు ఇంగ్లండ్ వెళ్లిపోయింది. కళ్లముందే కొంప మునుగుతుంటే ఏమీ చేయలేక బెంచి మీద కూర్చోవడం ఎలాగో ఆ రోజు నేర్చుకున్నాడు. కోచింగ్ కోర్సులో మిగతాదంతా థియరీయే.

కోచ్‌ల మనసు కూడా ఆయనకు దగ్గరగా తెలుసు. 1998 మార్చిలో బయర్న్ కోచ్ ట్రపట్టోనీ విలేకరుల ముందు బల్ల గుద్ది, వచ్చీరాని జర్మన్‌లో ఆటగాళ్లను ఉతికి ఆరేశాడు కదా, ఆ ఉతుకుడులో పేరు పేరునా వినిపించిన ముగ్గురిలో బాస్లర్ ఒకడు. వీళ్లు ఆడేదానికంటే ఫిర్యాదు చేసేదే ఎక్కువ అన్నాడు పెద్దాయన. అలాంటి ఆటగాడు చేతికి తగిలితే ఎలా ఉంటుందో బాస్లర్‌కు ఎవరైనా చెప్పాలా?

1999 శరదృతువులో రేగెన్స్‌బుర్గ్‌లో ఒక పిజ్జా దుకాణంలో అర్ధరాత్రి ఏదో గొడవ జరిగిందని గోల లేచింది, బయర్న్ ఆయన్ను సాగనంపింది. అయిదేళ్ల తర్వాత, 2004లో, ఆయనకు తొలి కోచ్ ఉద్యోగం ఇచ్చిన ఊరేది? అదే రేగెన్స్‌బుర్గ్! క్షమాగుణమంటే అది. మూడో అంచెలో యాన్ రేగెన్స్‌బుర్గ్ జట్టు ఆయన్ను మరుసటి ఏడాది సెప్టెంబరు దాకా భరించింది.

తర్వాత ట్రియర్. కార్ల్ మార్క్స్ పుట్టిన ఊరు కాబట్టి అక్కడ పనులు సిద్ధాంతం ప్రకారమే జరిగాయి. 2009 జర్మన్ కప్పులో నాలుగో అంచె ట్రియర్, బుండెస్‌లీగా జట్టు హనోవర్‌ను 3–1తో మట్టి కరిపించింది. వర్గపోరాటం! ఆ తర్వాత బీలెఫెల్డ్ కూడా ఓడింది. విప్లవం మాత్రం లీగ్ పట్టికలోకి రాలేదు. ఆ సీజన్ ముగియకుండానే విప్లవ నాయకుణ్ణి ఇంటికి పంపారు.

బుర్గ్‌హౌజెన్‌ది ఇంకా బాగుంటుంది. ఆ ఊరి కోట పొడవు కిలోమీటరు పైనే. 2010–11లో బాస్లర్ కోచ్‌గా ఉన్న వాకర్ బుర్గ్‌హౌజెన్ జట్టు అంతే పొడుగాటి మూడో అంచె పట్టికలో అడుగు భాగాన ముగించింది, లెక్క ప్రకారం కింది అంచెకు పోవాలి. అంతలో కోబ్లెంజ్ క్లబ్బు డబ్బు కష్టాల్లో పడి లీగ్ నుంచి తప్పుకుంది, బుర్గ్‌హౌజెన్ బతికి బట్టకట్టింది. ఆ కోబ్లెంజ్‌లో బాస్లర్ అంతకుముందు అసిస్టెంట్ కోచ్. పాత క్లబ్బు రుణం ఇలా తీర్చుకుంటుందని ఎవరనుకున్నారు! ఆయన తర్వాత కోచ్‌గా చేరిన ఓబర్‌హౌజెన్‌కు అలాంటి అదృష్టం పట్టలేదు. 2012లో నాలుగో అంచెకు దిగిపోయింది.

చివరికి మొదట చెప్పిన హెస్సెన్‌లీగా జట్టు, రోట్-వైస్ ఫ్రాంక్‌ఫర్ట్. ఊళ్లో రోడెల్‌హైమ్ వైపు, పెద్ద ఈతకొలను పక్కనే స్టేడియం. ఈ స్థాయిలో ఆటగాళ్లకు పగలు వేరే ఉద్యోగాలుంటాయి. సాయంత్రం ప్రాక్టీసుకు రావాలంటే ముందు ఆఫీసు వదలాలి, ట్రాఫిక్ కరుణించాలి. కోచ్ వ్యూహమంతా ఈ వారం ఎవరిది రాత్రి డ్యూటీ అన్న దాని చుట్టూనే తిరుగుతుంది. ష్మైకెల్‌ను నిలబెట్టేసిన కాలు గీసే వ్యూహరేఖలు ఎలక్ట్రీషియన్ల షిఫ్టుల దగ్గర ఆగిపోతాయి.

క్లబ్బులు ఆయన్ను ఎందుకు తీసుకున్నాయని అడక్కండి. చిన్న ఊళ్లో ప్రెస్‌మీట్ పెడితే కెమెరాలు రావాలి, స్పాన్సర్ ఫోనెత్తాలి. దానికి పేరు కావాలి. బాస్లర్‌లో వాళ్లు కొనుక్కున్నదీ పేరే, కోచింగ్ దాంతోపాటు ఉచితంగా వచ్చింది. అదే కాలంలో మోకాలు దెబ్బతిని సీనియర్ ప్రొఫెషనల్ మ్యాచ్ ఒక్కటీ ఆడని నాగెల్స్‌మాన్ అనే కుర్రాడు 28 ఏళ్లకే బుండెస్‌లీగా జట్టు హోఫెన్‌హైమ్ కోచ్ అయ్యాడు. పాత తారలకు కడుపు మండింది. ట్రపట్టోనీ చేత బాస్లర్‌తోపాటే చీవాట్లు తిన్న మెహ్మెట్ షోల్, మైదానం కంటే కంప్యూటర్‌నే నమ్ముకునే లాప్‌టాప్ ట్రైనర్లంటూ ఇలాంటివాళ్లను ఎద్దేవా చేశాడు. నిజమే మరి, లాప్‌టాప్‌కు ఫ్రీకిక్ కొట్టడం రాదు.

అన్నిటికంటే నిలకడగా బాస్లర్ రాణించింది టీవీలో. 2018 వరల్డ్ కప్‌లో జర్మనీ మెక్సికో చేతిలో ఓడిపోయాక, జర్మనీ ఆటగాడు ఓజిల్ వాలకం చచ్చిన కప్పలా ఉందని తీర్పు చెప్పాడు. పరుగెత్తనివాళ్ల గురించి ఆయనకంటే సాధికారంగా మాట్లాడేవాడు జర్మనీలో ఇంకెవరున్నారు? మన దగ్గరా రిటైరైన క్రికెటర్లు ఈ కిటుకు ముందే కనిపెట్టారు. మధ్యలో ఐదు ఊళ్లు తిరగకుండా నేరుగా కామెంటరీ బాక్సుకే పోతారు.

కాబట్టి జర్మన్ ఫుట్‌బాల్ సంఘానికి నా విన్నపం ఒకటే. కోచ్ లైసెన్సు కోర్సులో బాస్లర్ చేత ఒక పూట పాఠం చెప్పించండి. ఉదయం బెంచి మీద కూర్చోవడం, మధ్యాహ్నం ఆటగాడి వాలకం పరిశీలించడం. ప్రాక్టికల్స్‌కు కావలసిన కప్పను విద్యార్థులే తెచ్చుకోవాలి.