ప్రింట్ స్క్రీన్ నొక్కితే ఆ బొమ్మ ఎక్కడికి పోతుంది?

"ప్రింట్ స్క్రీన్ మీట పనిచేయాలంటే ప్రింటర్ ఉండాలి. నొక్కినా బొమ్మ ఎక్కడా సేవ్ కాదు. ఈ లింకులో సాఫ్ట్‌వేర్ దించుకోండి, లేదా ఫోన్‌తో ఫోటో తీసుకోండి." మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. రాజోలులో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను కాబట్టి దీని దెబ్బ రోజూ నాకే తగులుతోంది.

ప్రింటర్ మాట ఒకప్పుడు నిజమే. 1981 నాటి ఐబీఎం పీసీలో షిఫ్ట్‌తో కలిపి ఆ మీట నొక్కితే తెరమీది అక్షరాలు ప్రింటరుకే వెళ్లేవి. పేరు అలా ఉండిపోయింది. విండోస్‌లో అది ప్రింటర్ జోలికే పోదు.

సేవ్ కాదన్నది సగం నిజం. విండోస్ 10 దాకా ఉత్త మీట నొక్కితే బొమ్మ క్లిప్‌బోర్డులో, అంటే కాపీ చేసినవి తాత్కాలికంగా ఉండే చోట, కూర్చుంటుంది, ఫైలు అవదు. కొత్త విండోస్ 11లో మాత్రం మామూలుగా తెరను కత్తిరించే స్నిప్పింగ్ టూల్ తెరుచుకుంటుంది. క్లిప్‌బోర్డుకే వెళ్తే పెయింట్ తెరిచి, పేస్ట్ కొట్టి, మనమే సేవ్ చేయాలి. ఈలోగా ఇంకేదైనా కాపీ చేశామా, అంతే. మొన్న ఒక కుర్రాడు ఫీజు కట్టి, రసీదు మీద ప్రింట్ స్క్రీన్ నొక్కి, వెంటనే దరఖాస్తు నంబరు కాపీ చేశాడు. వర్డ్‌లో పేస్ట్ కొడితే రసీదు లేదు, నంబరు వచ్చింది. పాపం, మొహం పాలిపోయింది.

అదే విండోస్ మీట పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కితే తెర ఒక్క క్షణం మసకబారి, పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో పీఎన్‌జీ అనే బొమ్మ ఫైలు పడుతుంది. విండోస్ 8 నుంచీ ఉన్న సౌకర్యమే. అక్కడ కనపడకపోతే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోని పిక్చర్స్ చూడండి. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్‌ఎన్ మీట కూడా కలపాలి.

ఇక ఆ లింకు ముట్టుకోకండి. తెరలో కొంత ముక్కే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి ఆ ముక్క చుట్టూ మౌస్‌తో పెట్టె గీస్తే చాలు. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, 3 నొక్కితే ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉంటుంది.

ఫోన్ ఫోటో సలహా మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. మానిటర్ చుక్కలు, కెమెరా చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి అలలు అలలుగా చారలొస్తాయి, పైన ట్యూబ్‌లైటు మెరుపు ఒకటి. మలికిపురం వైపు నుంచి ఒక రొయ్యల రైతు చెరువు నీళ్ల రిపోర్టును ఇలాగే ఫోటో తీసి ప్రింటుకి తెచ్చాడు. "పీహెచ్ 8.3 ఆ, 8.8 ఆ అండి బాబూ?" అన్నాడు. ఇద్దరం ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాం. చివరికి ల్యాబుకి ఫోన్ చేసి కనుక్కున్నాం.